దఫ్తర్, బస్తా, ట్యాబ్: వేళ్లకూ ఓ తారీఖ్ ఉంది

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్ర కూడా. బాద్షాలకు తారీఖ్ ఉంది, జంగ్‌లకు ఉంది, కిలాలకు, మస్జిదులకు ఉంది. పొద్దున్నుంచి రాత్రి దాకా కంప్యూటర్ ముందు కూచుని ఫైళ్లు అటూ ఇటూ సర్దే మన వేళ్లకు కూడా ఉంది. కాకపోతే దాన్ని రాసిపెట్టుకునే ఆదత్ మనకు లేదు.

నేను చెబుతున్నది ఫైల్ మేనేజర్ సంగతి. విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్, మాక్‌లో ఫైండర్, లినక్స్‌లో నాటిలస్, డాల్ఫిన్, నీమో. పేర్లు ఏవైనా పని ఒకటే: ఫోల్డర్లు చూపించడం, ఫైళ్లను ఒకచోటు నుంచి ఇంకోచోటికి చేర్చడం. నాలాంటి అఖ్బార్ మనిషికి అది లేకపోతే రోజు గడవదు. జిల్లాల నుంచి వచ్చిన కాపీ ఒక ఫోల్డర్లో, ఫొటోలు ఇంకో దాంట్లో, పేజీలు మరో దాంట్లో. కంట్రోల్ టి నొక్కితే కొత్త ట్యాబ్ తెరుచుకుంటుంది. కంట్రోల్ ట్యాబ్ నొక్కితే పక్క ట్యాబ్‌కు పోతాం. కంట్రోల్ డబ్ల్యూ నొక్కితే మూసుకుంటుంది. ఎఫ్2 నొక్కితే పేరు మార్చుకోవచ్చు. చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి, జెహెన్‌కు ఖబర్ కూడా ఉండదు.

ఇదంతా చిన్న సౌకర్యంలా కనబడుతుంది. మగర్ ఒక్కో షార్ట్‌కట్ వెనక ఎవరో ఒకరి ఫైసలా ఉంది. కొన్ని ఫైసలాల మీద ఏళ్ల తరబడి ఝగ్డాలు నడిచాయి. ఆ ఝగ్డాలన్నిటి కింద ఒకే సవాల్ ఉందని నాకు అనిపిస్తుంది. వేళ్లకు ఒకసారి పట్టుబడిన హునర్ మీద హక్కు ఎవరిది? కీబోర్డు మీద ఆ పని పెట్టిన కంపెనీదా, ఏళ్లుగా దాన్ని నొక్కుతూ వచ్చిన మనిషిదా?

బస్తా విప్పే జమానా

మా ఉర్దూ మీడియం బడిలో పుస్తకాల సంచిని బస్తా అనేవాళ్లం. తెలుగు దోస్తులకు బస్తా అంటే బియ్యం బస్తా, సిమెంట్ బస్తా. రెండూ ఒకటే మాట. ఫార్సీలో బస్తా అంటే కట్టినది అని అర్థం. పాత కచేరీల్లో కాగజాలను గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి, వరసగా పేర్చేవారు. ఆ మూట బస్తా. దఫ్తర్ అనే మాటది ఇంకా పొడవైన సఫర్. గ్రీకులో డిఫ్తెరా అంటే తోలు. రాతకు తయారు చేసిన తోలు కూడా అదే. ఆ మాట అరబీ, ఫార్సీల్లోకి వచ్చి లెక్కల రిజిస్టరైంది, ఆ తర్వాత రిజిస్టర్లు పెట్టుకుని కూచునే చోటు కూడా అయింది. గొంతు జబ్బు డిఫ్తీరియా పేరు పుట్టిందీ ఆ తోలు నుంచే.

తెలుగులోని దస్త్రం కూడా అట్లా కచేరీ భాష నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మాట. లినక్స్‌ను తెలుగులోకి తర్జుమా చేసినవాళ్లు ఫైలుకు దస్త్రం అనే పేరే ఎంచుకున్నారు. కంప్యూటర్ తెర మీద ఆ మాట చూసినప్పుడల్లా నాకు ఖుషీగా ఉంటుంది. ఇవ్వాళ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్న మొఘల్, ఆసఫ్‌జాహీ జమానాల కాగజాలకు, నా కంప్యూటర్లో ఉన్న ఫైళ్లకు ఒకే ఖాందాన్ పేరు దొరికింది మరి.

బస్తాతో ఒక ముసీబత్ ఉంది. ఒక్క కాగజ్ కావాలంటే మూట మొత్తం విప్పాలి. విప్పిన తర్వాత మళ్లీ అదే వరసలో కట్టాలి. ఈ తిప్పలు మన కచేరీలకే పరిమితం కాలేదు. యూరప్‌లో, అమెరికాలో కూడా ఉత్తరాలను మడిచి, కట్టలు కట్టి, బల్లల పైన పావురాల గూళ్లలాంటి ఖానాల్లో కుక్కేవారు. లైబ్రరీ పుస్తకాలను నంబర్లతో అమర్చే పద్ధతి కనిపెట్టిన మెల్విల్ డ్యూయీ 1876లో లైబ్రరీ బ్యూరో అనే కంపెనీ పెట్టాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ కంపెనీ ఒక నిలువు ఫైళ్ల బీరువాను చూపించింది. పడుకోబెట్టిన కాగితాలను అది నిలబెట్టింది. విప్పనక్కర్లేదు, వేలితో ముందుకూ వెనక్కూ తోసుకుంటూ చూడొచ్చు.

నిలబెట్టాక ఇంకో సవాల్ వచ్చింది. వందల కార్డుల్లో కావాల్సింది ఎక్కడుందో ఎట్లా తెలియాలి? జేమ్స్ న్యూటన్ గన్ అనే మనిషి కార్డు పై అంచున చిన్న చెవిలాంటి ముక్క పైకి పొడుచుకు వచ్చేట్టు చేసి 1897లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ చెవి మీద పేరు రాసుకుంటే చాలు. కార్డు బయటికి తీయకుండానే అది ఏమిటో కంటికి తెలిసిపోతుంది. ట్యాబ్ అంటే ఆ చెవి. ఇవ్వాళ ఫైల్ మేనేజర్ పై అంచున ఫోల్డర్ పేరుతో కనబడే ముక్క దాని మనవడు.

కీబోర్డు మీదున్న ట్యాబ్ బటన్‌ది మాత్రం వేరే ఖాందాన్. అది టైప్‌రైటర్ల మీది టాబ్యులేటర్‌కు పొట్టి పేరు. లెక్కల పట్టికలు కొట్టేటప్పుడు బండిని ఒక గడి నుంచి ఇంకో గడికి దూకించడానికి పెట్టింది. పేరు ఒకటే గానీ ఇద్దరికీ చుట్టరికం లేదు. మనం కంట్రోల్ ట్యాబ్ నొక్కినప్పుడు టైప్‌రైటర్ ట్యాబ్ పోయి కార్డు చెవి ట్యాబ్‌తో ములాఖాత్ చేస్తుంది. వందేళ్ల దఫ్తర్ల తారీఖ్ ఆ ఒక్క నొక్కులో ఉంది.

కత్తెర, గోంద్, నాలుగు బటన్లు

కాగితం బీరువా తెర మీదికి రావడానికి ఇంకో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన కంప్యూటర్‌ను జనం ముందు నడిపి చూపించాడు. మౌస్‌ను దునియా మొదటిసారి బహిరంగంగా చూసింది ఆ రోజే. అందరికీ మౌస్ గుర్తుంది గానీ, ఎడమ చేతి కింద అయిదు బటన్ల చిన్న పలక ఒకటి ఉండేదని చాలామందికి తెలియదు. కుడి చేయి చోటు చూపిస్తే ఎడమ చేయి హుకుం ఇస్తుంది. రెండు చేతులకూ పని. ఇవ్వాళ మనం మౌస్‌తో ఫైలును ఎంచుకుని ఎడమ చేత్తో కంట్రోల్ సి నొక్కుతున్నామంటే ఆ తరీఖాలోనే నడుస్తున్నాం.

కత్తిరించడం, అతికించడం అనే ఆలోచన పత్రికలవాళ్ల బల్ల మీద నుంచి వచ్చింది. 1970ల నడుమ జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే రాత ప్రోగ్రామ్ తయారు చేశారు. గిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ కోసం చేసిన పని అది. అక్కడి ఎడిటర్లు కత్తెర, గోంద్ పట్టుకుని కాగితాలు ఎట్లా సర్దుతున్నారో వీళ్లు గమనించారు. దాన్నే తెర మీద కట్, కాపీ, పేస్ట్ చేశారు. ఉర్దూ అఖ్బార్లలో కాతిబ్ రాసిన పట్టీలను పేజీ మీద అతికించే పేస్టింగ్ పని చూసినవాళ్లకు ఇది కొత్త ముచ్చటేం కాదు. టెస్లర్‌కు ఒక పట్టుదల ఉండేది: ఒకే బటన్ ఒక్కోసారి ఒక్కో పని చేయకూడదు. ఒక వేలికి ఒకటే జవాబు. తన కారు నంబర్ ప్లేటు మీద కూడా నో మోడ్స్ అని రాయించుకున్నాడాయన.

జెరాక్స్ 1981లో స్టార్ అనే కంప్యూటర్‌ను బజార్లోకి తెచ్చింది. తెర మీద బల్ల, బల్ల మీద ఫోల్డర్లు, ఫైళ్ల డ్రాయర్లు. కీబోర్డు మీద కాపీకి, మూవ్‌కు, డిలీట్‌కు విడివిడి బటన్లు. ఆ కాపీ బటన్ అక్షరాల మీదా పనిచేసేది, మొత్తం ఫైలు మీదా పనిచేసేది. ధర పదహారు వేల డాలర్ల పైమాటే, అందుకే మామూలు జనం దాకా రాలేదు. మగర్ ఆ ఆలోచన ఆపిల్‌కు చేరింది. టెస్లర్ కూడా చేరాడు.

1983లో వచ్చిన ఆపిల్ లీసాలో ప్రత్యేక బటన్లు పోయాయి. కీబోర్డు కింది వరసలో ఎడమ పక్కన ఉన్న నాలుగు అక్షరాలకు ఆ పని అప్పజెప్పారు. ఎక్స్ కొట్టివేత గుర్తులా ఉంటుంది, కాబట్టి కట్. సి అంటే కాపీ. వి ఎందుకంటే ప్రూఫ్ దిద్దేవాళ్లు ఇక్కడ మాట చేర్చండి అని పెట్టే గుర్తును తలకిందులు చేస్తే వి అవుతుంది. జెడ్ వాటి పక్కనే ఉంది, అది చేసిన పనిని రద్దు చేస్తుంది. ప్రూఫ్ రీడర్ కలం గుర్తు ఇవ్వాళ దునియాలో ప్రతి పేస్ట్ వెనక ఉందన్నమాట.

1984లో మాకింటాష్ వచ్చినప్పుడు దాని కీబోర్డు మీద బాణం గుర్తు బటన్లే లేవు. జనం మౌస్ వాడి తీరాలని జబర్దస్తీగా తీసేశారు. రెండేళ్ల తర్వాత మాకింటాష్ ప్లస్‌తో అవి వచ్చేశాయి. చేతులకు ఏం కావాలో పై నుంచి ఫర్మానా ఇస్తే ఎన్నాళ్లు నిలుస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

విండోస్ దారి వేరు. ఐబీఎం 1987లో ప్రకటించిన పద్ధతిలో కాపీకి కంట్రోల్ ఇన్సర్ట్, పేస్ట్‌కు షిఫ్ట్ ఇన్సర్ట్, కట్‌కు షిఫ్ట్ డిలీట్. మైక్రోసాఫ్ట్ మొదట దాన్నే పాటించి, 1992 నాటి విండోస్ 3.1 కాలానికి ఆపిల్ అక్షరాలను కూడా తీసుకుంది. పాతవాటిని మాత్రం తీసేయలేదు. ఇవ్వాళ కూడా చాలా ప్రోగ్రాముల్లో షిఫ్ట్ ఇన్సర్ట్ కొట్టి చూడండి, పేస్ట్ అవుతుంది. పాత వేళ్లకు ఇచ్చిన ఇజ్జత్ అది.

రెండు ఖానాల ఉస్తాద్

మౌస్ లేనివాళ్ల దునియాలో ఇంకో సిల్సిలా మొదలైంది. జాన్ సోచా అనే విద్యార్థి 1984లో కార్నెల్ యూనివర్సిటీలో చదువుకుంటూ డాస్ కోసం ఒక ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. 1986లో అది నార్టన్ కమాండర్ పేరుతో వచ్చింది. నీలం తెర, నడుమ గీత, అటొక ఖానా ఇటొక ఖానా. ఎడమ ఖానాలో ఎక్కణ్నుంచి, కుడి ఖానాలో ఎక్కడికి. ట్యాబ్ నొక్కితే ఒక ఖానా నుంచి ఇంకో ఖానాకు. ఎఫ్3 చూడ్డానికి, ఎఫ్4 దిద్దడానికి, ఎఫ్5 కాపీకి, ఎఫ్6 జరపడానికి, ఎఫ్7 కొత్త ఫోల్డర్‌కు, ఎఫ్8 తుడిచేయడానికి, ఎఫ్10 బయటికి పోవడానికి. ఏ బటన్ ఏం చేస్తుందో తెర కిందే రాసి ఉండేది. కొత్తవాడు చదువుకుంటూ చేస్తాడు. నెల తిరిగేసరికి అటు చూడ్డమే మానేస్తాడు.

ఈ ప్రోగ్రామ్‌కు సోవియట్ దేశాల్లో, తూర్పు యూరప్‌లో దొరికిన మొహబ్బత్ ఇంకెక్కడా దొరకలేదు. అక్కడివాళ్లు దాని నమూనాలో తమవి రాసుకున్నారు. వోల్కోవ్ కమాండర్ అట్లా వచ్చింది. రార్ ఫైళ్లను కనిపెట్టిన యెవ్‌గెనీ రోషల్ 1996లో ఫార్ మేనేజర్ ఇచ్చాడు. స్విట్జర్లాండ్‌లో క్రిస్టియన్ గిస్లర్ 1993 నుంచి నడిపిస్తున్నది ఇవ్వాళ టోటల్ కమాండర్. మెక్సికో కుర్రాడు మిగెల్ డి ఇకాజా యూనిక్స్ కోసం 1994లో మిడ్‌నైట్ కమాండర్ రాశాడు. సర్వర్లతో పనిచేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. నార్టన్ కమాండర్ బజార్లో నుంచి పోయి ఏళ్లయింది. ఎఫ్5 అంటే కాపీ, ఎఫ్6 అంటే జరపడం అనే రివాజ్ మాత్రం ఈ ఖాందాన్ అంతటా చెక్కుచెదరలేదు. ప్రోగ్రామ్ పోయినా వేళ్ల ఆదత్ పోలేదు. కొత్తగా రాసేవాడు ఆ ఆదత్‌కు సలాం కొట్టే లోపలికి రావాల్సి వచ్చింది.

కిటికీల భీడ్

బల్ల మీద ఫోల్డర్లు పెట్టే వాళ్ల ఆలోచన వేరు. వాళ్లకు ప్రతి ఫోల్డర్ ఒక జాగా. ఫోల్డర్ తెరిస్తే దానికో కిటికీ. దాని లోపలి ఫోల్డర్ తెరిస్తే ఇంకో కిటికీ. విండోస్ 95 కూడా మొదట ఇట్లాగే తెరిచేది. ఇంట్లో ఏ సామాను ఏ మూలనుందో మనకు ఎట్లా గుర్తుంటుందో తెర మీద కూడా అట్లా గుర్తుండాలనేది వాళ్ల ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఇల్లు చిన్నదై సామాను పెరిగితేనే చిక్కు. పది ఫోల్డర్ల లోపల ఉన్న ఫైలు కోసం పోతే తెర మీద పది కిటికీల భీడ్ అయ్యేది.

లినక్స్ ప్రపంచంలో ఈ చిక్కు పెద్ద బహస్ అయింది. నాటిలస్ పుట్టింది ఈజెల్ అనే కంపెనీలో. మొదటి మాకింటాష్ రాసినవాళ్లలో ఒకడైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ అందులో ఉన్నాడు. 2001 మార్చిలో నాటిలస్ 1.0 వచ్చింది, కొద్ది వారాలకే డబ్బు లేక కంపెనీ మూతపడింది. సోర్స్ కోడ్ అందరిదీ కాబట్టి గ్నోమ్ వాళ్లు నాటిలస్‌ను నడిపించుకున్నారు. 2004లో గ్నోమ్ 2.6 దాన్ని ఒక ఫోల్డర్‌కు ఒక కిటికీ పద్ధతికి మార్చింది. వాడేవాళ్లు గోల పెట్టారు. 2010లో గ్నోమ్ 2.30తో పాత పద్ధతికి వెనక్కి వచ్చారు.

ఈ నడుమ బ్రౌజర్లు జనానికి ట్యాబ్‌లు అలవాటు చేశాయి. 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాక కంట్రోల్ టి అంటే కొత్త ట్యాబ్ అని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. వెబ్ పేజీలు, ఫైళ్లు రెండూ చూపించగల కేడీఈ వాళ్ల కాంకరర్ 2003 జనవరిలోనే ట్యాబ్‌లు తెచ్చింది. నాటిలస్‌కు 2008 సెప్టెంబర్‌లో, గ్నోమ్ 2.24తో వచ్చాయి. మాక్ ఫైండర్‌కు 2013 అక్టోబర్‌లో, మావెరిక్స్‌తో. విండోస్ 2017 చివర్లో సెట్స్ అనే పేరుతో అన్ని ప్రోగ్రాములకూ ట్యాబ్‌లు పెట్టి చూసి, తర్వాత వదిలేసింది. చివరికి ఎక్స్‌ప్లోరర్‌కు ట్యాబ్‌లు దక్కింది 2022 అక్టోబర్‌లో, విండోస్ 11లో. గన్ పేటెంట్‌కు అప్పటికి 125 ఏళ్లు.

ట్యాబ్ చేసిన పని ఏమిటంటే రెండు ఖాందాన్ల మధ్య సులహ్ కుదర్చడం. ఎక్కణ్నుంచి, ఎక్కడికి అనే రెండు చోట్లూ ఒకే కిటికీలో ఉండాలన్నది కమాండర్ వాళ్ల బాత్. ఫోల్డర్ ఒక జాగాలా పేరుతో కనబడాలన్నది బల్ల వాళ్ల బాత్. ఒక ట్యాబ్‌లో ఫొటోల ఫోల్డర్, రెండో దాంట్లో పేజీ ఫోల్డర్ పెట్టుకోండి. కంట్రోల్ సి, కంట్రోల్ ట్యాబ్, కంట్రోల్ వి. మూడు నొక్కులు, పని ఖతం. మౌసే కావాలంటే ఫైలును పట్టుకుని రెండో ట్యాబ్ చెవి మీదికి లాక్కెళ్లి ఒక్క క్షణం ఆగితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది, అక్కడ వదిలేయొచ్చు. కంట్రోల్ ఎక్స్ కొట్టినప్పుడు ఫైలు మాయం కాదని కూడా గుర్తుంచుకోండి. మసకబారి కూచుంటుంది. వి కొట్టేదాకా అది పాత చోటే ఉంటుంది. కాగితాన్ని కత్తెరతో కోసినట్టు కాదు, కోయబోతున్నానని చెప్పి పెట్టినట్టు.

బటన్ తీసేస్తే ఏం పోతుంది

సులహ్ అయిందిగా అని కథ ఆపలేం. ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకున్న సందర్భాలున్నాయి. విండోస్ ఎక్స్‌పీలో బ్యాక్‌స్పేస్ కొడితే ఒక ఫోల్డర్ పైకి పోయేవాళ్లం. విస్టా వచ్చాక అదే బటన్ ఇంతకుముందు చూసిన చోటికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. పైకి పోవాలంటే ఆల్ట్, పై బాణం. గ్నోమ్ 3 వచ్చిన 2011లో నాటిలస్‌లో డిలీట్ ఒక్కటే నొక్కితే ఫైలు చెత్తబుట్టలోకి పోవడం ఆగింది, కంట్రోల్ కూడా పట్టుకోవాలన్నారు. పొరపాటున తుడిచేయకుండా కాపాడదామన్నది వాళ్ల నీయత్. కొన్నేళ్లకు ఒక్క డిలీటే చాలని మళ్లీ మార్చారు. 2012లో గ్నోమ్ 3.6 ఇంకా ముందుకు పోయింది. ఎఫ్3 నొక్కితే కిటికీ రెండు ఖానాలయ్యే సౌకర్యాన్ని తీసేసింది. బ్యాక్‌స్పేస్‌ను కూడా.

తయారుచేసేవాళ్ల దలీల్‌ను కొట్టిపారేయలేం. ప్రతి సౌకర్యానికీ కోడ్ ఉంటుంది, కోడ్‌కు మరమ్మతు ఉంటుంది, మరమ్మతు చేసే మనుషులు నలుగురైదుగురే ఉంటారు. కొత్తగా వచ్చేవాడికి తెర సాదాగా ఉండాలి. ఇవన్నీ నిజమే. మగర్ ఈ హిసాబ్‌లో ఒక పద్దు ఎప్పుడూ తక్కువ పడుతుంది. వాడేవాడు తన వేళ్లలో దాచుకున్న మెహనత్ ఏ కోడ్‌లోనూ కనబడదు. దాన్ని నేర్చుకోవడానికి అతనికి నెలలు పట్టి ఉంటాయి. కోడ్‌లో ఒక్క లైన్ తీసేస్తే అతని నెలలు పోతాయి.

లినక్స్‌లో దీనికి జవాబు దొరికింది. లినక్స్ మింట్ వాళ్లు నాటిలస్ 3.4 కోడ్‌ను తీసుకుని నీమో అని పేరు పెట్టి, రెండు ఖానాల ఎఫ్3ని నిలబెట్టుకున్నారు. గ్నోమ్ 2 నాటి నాటిలస్‌ను మాటే వాళ్లు కాజా పేరుతో కాపాడుకున్నారు. విరాసత్ అంటే ఇదే. కోడ్ అందరిదీ అయినప్పుడు వాడేవాడికి ఒక హక్కు మిగులుతుంది: నాకిది చాలు, నేను ఇక్కడే ఉంటాను అని చెప్పే హక్కు. కంపెనీ కోడ్ తాళం వేసి ఉన్నచోట ఫిర్యాద్ ఒక్కటే మన చేతిలో ఉంటుంది.

చే దబా, తోయ్ దబా

ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు సి అంటే కాపీ అని గుర్తుపెట్టుకోవడం ఆసాన్. రానివాళ్ల సంగతి? ఈ సవాల్ నన్ను వదలకపోవడానికి ఒక వజాహ్ ఉంది.

1994లో మన దేశంలోనే తయారైన ఇన్‌పేజ్ అనే ప్రోగ్రామ్ ఉర్దూ నస్తాలీఖ్ రాతను మామూలు కంప్యూటర్ మీదికి తెచ్చింది. అప్పటిదాకా చాలా ఉర్దూ అఖ్బార్లను కాతిబ్‌లు చేత్తో రాసేవారు. నేను ఈ పనిలోకి వచ్చేసరికి ఆ జమానా అయిపోయింది. కొందరు కాతిబ్‌లు ఇళ్లకు పోయారు. కొందరు కలం పక్కన పెట్టి కీబోర్డు ముందు కూచున్నారు. అట్లా కూచున్న ఒక పెద్దాయన దగ్గర నేను పేజీల పని చూశాను. ఆయనకు ఇంగ్లిష్ అంతంతే. ఉర్దూ ఫొనెటిక్ కీబోర్డులో సి బటన్ మీద చే అక్షరం ఉంటుంది, వి మీద తోయ్, ఎక్స్ మీద షీన్. ఆయన కొత్త కుర్రాళ్లకు చెప్పే సబఖ్ ఒకటే: “బేటా, కంట్రోల్ పకడ్‌కే చే దబా, ఉధర్ జాకే తోయ్ దబా. బస్.” కాపీ, పేస్ట్ అనే మాటలు ఆయన నోట నేను వినలేదు. ఆయన చేతివేగం ముందు మాత్రం ఇంగ్లిష్ మీడియం కుర్రాళ్లు నిలవలేకపోయేవారు. ముప్పై ఏళ్లు కలం నడిపిన చేయి కదా, వరస దానికి తొందరగా పట్టుబడింది.

తెలుగులో కూడా అంతే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో సి బటన్ మీద మ ఉంటుంది, వి మీద న. తెలుగు తెర పెట్టుకున్నా మెనూ మాటల పక్కన షార్ట్‌కట్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి. ఉర్దూ తెర పెట్టుకుంటే కిటికీ మొత్తం అద్దంలో చూసినట్టు తిరుగుతుంది. మొదటి ట్యాబ్ కుడి పక్క నుంచి మొదలవుతుంది. ఇన్ని మారినా కంట్రోల్ పక్కనున్న ఆ బటన్ల జాగా మారదు. అక్షరం ఎవరిదైనా చోటు అందరిదీ. భాష రానివాడి మీద దయతో చేసిన పని కాదది, అనుకోకుండా దొరికిన బరకత్. ఆ బరకత్ వల్లనే ఆ పెద్దాయన రోజీ నిలబడింది.

అందుకే ఏదో ఒక కంపెనీ రేపు ఏ షార్ట్‌కట్‌నైనా సాదాతనం పేరుతో తీసేస్తున్నామంటే, నేను ముందు మెనూలు చదవలేని చేతుల గురించి ఆలోచిస్తాను. మెనూ చదవగలిగినవాడు కొత్త దారి వెతుక్కుంటాడు. వేళ్లతోనే నేర్చుకున్నవాడికి ఆ జాగా పోతే మొత్తం సబఖ్ పోతుంది.

మీ దఫ్తర్లో, దుకాణంలో, మీసేవ కౌంటర్లో, డీటీపీ సెంటర్లో ఎవరైనా కొత్తగా కంప్యూటర్ ముందు కూచుంటే, మౌస్‌తో పాటు ఈ నాలుగు ముక్కలు కూడా నేర్పండి. కొత్త ట్యాబ్‌కు కంట్రోల్ టి. ట్యాబ్ మారడానికి కంట్రోల్ ట్యాబ్, పాత నాటిలస్ అయితే కంట్రోల్ పేజ్ డౌన్. పేరు మార్చడానికి ఎఫ్2. పై ఫోల్డర్‌కు ఆల్ట్, పై బాణం. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే చెత్తబుట్టలోకి కూడా పోకుండా ఫైలు తుడిచిపెట్టుకుపోతుందని ఖబర్దార్ చెప్పండి. వాళ్ల భాషలో, వాళ్ల బటన్ మీదున్న అక్షరం పేరుతో చెప్పండి. సి అనక్కర్లేదు. చే అనండి, మ అనండి. చేతికి ఎక్కితే చాలు.